పనివారి వైద్యుడు రామజ్జీని

వైద్యుడు రోగి చెంత కూర్చుండి, జ్వరమెన్నడు సోకినది, ఆకలి కలదా లేదా, నిద్ర పట్టుచున్నదా లేదా యని విచారించును. గ్రీకు దేశపు ప్రాచీన వైద్యుడు హిపోక్రటీసు నాటినుండి వచ్చిన సంప్రదాయమిది. ఈ ప్రశ్నలకు మరియొకటి చేర్చవలెనని వైద్యలోకమునకు బోధించినవాడు బెర్నార్డినో రామజ్జీని. రోగి చేయు పని యేది యనునదే ఆ ప్రశ్న. వినుటకది చిన్న మాట. కాని రాయి చెక్కువాని దగ్గును, కుమ్మరి చేతి వణకును, కంచరి చెవుడును వైద్యగ్రంథములలో స్థానము సంపాదించుకొన్నది ఆ చిన్న మాటవలననే.

రామజ్జీని 1633వ సంవత్సరమున ఉత్తర ఇటలీలోని కార్పీ యను పట్టణమున జన్మించెను. ఆనాడు ఇటలీ యొకే రాజ్యము కాదు. పెక్కుమంది ప్రభువుల యేలుబడిలో ముక్కలై యుండెను. కార్పీ పట్టణము మోడెనా ప్రభువుల పాలనలోనిది. బాల్యమున జెసూట్ గురువుల పాఠశాలలో లాటిను భాషను చక్కగా నేర్చి, పిమ్మట పార్మా విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రమును, వైద్యశాస్త్రమును అభ్యసించి, 1659లో పట్టభద్రుడయ్యెను. అంతటితో తృప్తిపడక రోము నగరమునకేగి, అనుభవజ్ఞుడైన యొక వైద్యుని శిష్యుడై చికిత్సలోని మెలకువలను గ్రహించెను.

వృత్తి యారంభమున అతడు రోమునకు ఉత్తరమునగల కనీనో, మార్తా యను చిన్న యూళ్లలో వైద్యుడుగా కుదిరెను. ఆ ప్రాంతము చలిజ్వరములకు పుట్టినిల్లు. రోగులకు మందిచ్చుచున్న వైద్యుడే మలేరియాకు లోబడి మంచము పట్టెను. దేహము చిక్కి స్వగ్రామమునకు మరలివచ్చి, అచట కొన్నియేండ్లు వైద్యము చేసి, 1671లో మోడెనా నగరమునకు నివాసము మార్చెను. క్రొత్తగా వచ్చిన వానిని అచటి వైద్యులు ఆదరముతో చూడలేదు. అతడు వాదములకు వెనుదీయు స్వభావము కలవాడు కాడు. ఆ వివాదములను విస్తరించి చెప్పుటవలన ప్రయోజనము లేదు. 1682లో ప్రభువు రెండవ ఫ్రాంచెస్కో మోడెనా విశ్వవిద్యాలయమును పునరుద్ధరించినపుడు వైద్యసిద్ధాంతమును బోధించు పీఠము రామజ్జీనికి లభించెను.

అతని దృష్టి గ్రంథములకే పరిమితము కాలేదు. మోడెనాలో బావులు త్రవ్వి అడుగున బరమాతో రంధ్రము వేసినచో నీరు తనంత తానే పైకి చిమ్ముచుండెను. ఇది యెట్లు సంభవించుచున్నదో పరిశీలించి 1691లో ఒక గ్రంథము వ్రాసెను. వాయుభారమును కొలుచు బారోమీటరును దినదినము చూచి, దాని హెచ్చుతగ్గులను లిఖించెను. ఏ విషయమైనను దగ్గరకు పోయి చూడనిదే నమ్మకుండుట అతని స్వభావము. ఈ స్వభావమే యొకనాడు అతనిని పాకీవాని ముందు నిలిపినది.

మోడెనా ఇరుకైన నగరము. అచటి గృహములలోని మలకూపములను మూడేండ్లకొకసారి శుభ్రము చేయించుచుండిరి. రామజ్జీని యింట ఆ పని జరుగుచున్నపుడు, లోపలికి దిగిన పనివాడు ఊపిరి సలుపకుండ మిక్కిలి తొందరగా పనిచేయుట అతని కంటబడెను. జాలిగొని, అంత ఆతురత యేల, మెల్లగా చేసినచో ఇంత అలసట యుండదుగదా యని పలుకరించెను. ఆ పనివాడు తల యెత్తి, ఆ చోటున నాలుగు గంటలకు మించి యున్నచో కన్నులు పోవుననియు, అనుభవించినవానికి తప్ప ఇతరులకు ఆ బాధ తెలియదనియు చెప్పెను. అతడు పైకి వచ్చిన పిదప రామజ్జీని అతని కన్నులను పరీక్షించి, అవి ఎఱ్ఱబారి మసకవారి యుండుట గుర్తించెను. ఇట్టి వారు ఏమి చేయుదురని అడుగగా, వెంటనే ఇంటికి పోయి చీకటి గదిలో కూర్చుండి, గోరువెచ్చని నీటితో కన్నులు కడుగుకొందుమని తెలిపెను. నగరములో భిక్షమెత్తు గ్రుడ్డివారిలో కొందరు ఒకప్పుడు ఈ పని చేసినవారేయని రామజ్జీనికి అప్పుడు తెలిసెను. విశ్వవిద్యాలయపు ఆచార్యునకు పాఠము చెప్పినవాడు పాకీవాడు. ఆ పాఠమును సిగ్గుపడక నేర్చుకొనుటయే రామజ్జీని ఘనత.

అది మొదలు అతడు మోడెనాలోని పనిశాలలన్నిటిని చుట్టి రాసాగెను. కమ్మరి కొలిమి, కుమ్మరి వాము, అద్దములు చేయు చోటు, చాకిరేవు, ముద్రణాలయము, దేనిని విడువలేదు. ఆ కాలమున పట్టు వస్త్రములు ధరించు వైద్యులు అట్టి తావులలో అడుగిడుట తమ గౌరవమునకు లోపమని తలచుచుండిరి. రామజ్జీని తన శిష్యులకు బోధించినది దీనికి భిన్నము. పేదవాని యింటికి పోయిన వైద్యుడు బంగారు పీఠము కొరకు చూడక, ముక్కాలిపీట పైననే కూర్చుండి, రోగి చేయు పనిని గూర్చి ఓపికగా అడుగవలెను. కూలివాడు పని మానిన దినమున ఇంట పొయ్యి రాజదనియు, కావున వృత్తిని విడిచిపెట్టుమని చెప్పు వైద్యము అతనికి పనికిరాదనియు అతడు బాగుగ నెరుగును.

ఇట్లు కూర్చిన విషయములతో 1700వ సంవత్సరమున మోడెనాలో పనివారి వ్యాధులను గూర్చిన మహాగ్రంథమును లాటిను భాషలో ప్రకటించెను. గిల్టు పని చేయువారికి పాదరసము వలన కలుగు కీడు, కుమ్మరులకు సీసపు పూతవలన కలుగు వణకు, దాదులు, రైతులు, గాయకులు పడు బాధలు అందు వర్ణింపబడినవి. పండితులు కూర్చుండి కూర్చుండి తెచ్చుకొను రోగములకును ఒక అధ్యాయము కేటాయించెను. రాళ్లు చెక్కువారిని గూర్చిన అధ్యాయము మిక్కిలి విలువైనది. వారు ఉలి దెబ్బకు లేచిన వాడి తునకలను ఊపిరితో పీల్చి, దగ్గు, ఆయాసము, క్షయలతో కృశింతురనియు, అట్టివారి శవములను కోసి చూచినపుడు ఊపిరితిత్తులలో రాతి నలుసులు కానవచ్చినవనియు అందు కలదు.

ఈ అధ్యాయము ఇటలీలోని శిల్పులకే కాదు, మన మార్కాపురమునకును సంబంధించినది. నల్లమలకు తూర్పున మార్కాపురము, కంభము, గిద్దలూరుల సీమలో పలకరాయి పొరలు పొరలుగా నేలలో నిండియున్నది. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ శిలాసముదాయమునకు కంభము పేరే పెట్టిరి. గనిలో తీసిన దిమ్మెను ఉలితో రేకులుగా చీల్చి, యంత్రముపై కొలతకు కోసి, కొయ్యచట్రము బిగించి మార్కాపురమువారు బడులకు పలకలు పంపుచు వచ్చిరి. ఆ పలకలపై ఓనమాలు దిద్దిన తరములెన్నియో! నోటు పుస్తకములు, ప్లాస్టిక్కు పలకలు వచ్చిన పిదప ఆ వ్యాపారము సన్నగిల్లెను. అదే రాయి ఇండ్ల గోడలకును, నేలలకును పరచు బిళ్లలుగా ఇప్పుడు దూరదేశములకు పోవుచున్నది. పలక కోయునపుడు లేచు సన్నని ధూళిలో సిలికా యను పదార్థము కలదు. అది ఊపిరితిత్తులలో చేరి మానని మచ్చలు కట్టి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. రామజ్జీని శిల్పులలో చూచినది ఈ వ్యాధినే.

ధూళి కనబడు శత్రువు. అది కనురెప్పలమీద, తలవెండ్రుకలమీద పడి తన యునికిని చాటుకొనును. యంత్రములు తిరుగు చోట కంటికి కనబడని శత్రువు మరియొకటి కలదు. అదియే రొద. రామజ్జీని దీనినిగూడ విడువలేదు. రొట్టెలు కాల్చువారిని, పిండిమరల వారిని గూర్చి వ్రాయుచు, మరల యొద్ద నుండువారిలో చాలమందికి వినికిడి మందగించుట గుర్తించెను. ఆనాటి మరలు నీటి యొరవడికి తిరుగునవి. చక్రముల కిరకిర, తిరుగటిరాళ్ల గరగర, పైనుండి పడు నీటి హోరు పగలును రాత్రియు వారి చెవులను బాదుచుండెను. ఆవిరియంత్రము లోకమును ఆక్రమింపక పూర్వమే యంత్రపు రొదకు చెవి బలియగుటను గమనించిన వైద్యుడితడు.

గ్రంథము వెలువడిన 1700లోనే వెనీసు ప్రభుత్వము అతనిని ప్రసిద్ధమైన పాదువా విశ్వవిద్యాలయమునకు వైద్యాచార్యునిగా పిలిపించెను. అప్పటికతనికి అరువదియారు, అరువదియేడేండ్లు. ఆ వయస్సున అనేకులు విశ్రాంతి కోరుదురు. అతడో, తన గ్రంథములో చేరని వృత్తులను వెదకుచుండెను. 1713లో పన్నెండు క్రొత్త అధ్యాయములను చేర్చి రెండవ కూర్పును పాదువాలో వెలువరించెను. అందొకటి కంచరులను గూర్చినది.

మన యూళ్లలో కంచరివారి వీధి యుండినట్లే వెనీసులో కంచరులందరు ఒక్క పేటలో నుండిరి. రాగిరేకును పాత్రగా మలచుటకు ఉదయము మొదలు సాయంకాలము వరకు సుత్తెలతో మోదుచుందురు. ఆ మోతకు తాళలేక ఇతరులెవ్వరు ఆ పేటలో కాపురముండలేకపోయిరి. కంచరులకు మాత్రమే అచట అంగళ్లును ఇండ్లును ఉండెను. ఎడతెగని ఆ చప్పుడువలన మొదట చెవులును, పిదప తల యంతయు చెడునని రామజ్జీని వ్రాసెను. పడుచువారికి వినికిడి మందగించును. ఆ పనిలోనే ముసలివారైనచో పూర్తిగా చెవిటివారగుదురు. నైలునది జలపాతముల చెంత నివసించువారు చెవిటివారగుదురని పూర్వులు చెప్పిన కథతో అతడు దీనిని పోల్చెను. చెవులలో దూది పెట్టుకొన్నచో లోపలి భాగములకు దెబ్బ కొంత తగ్గునని ఉపాయము చెప్పెను. వ్యాధిని కనుగొన్నంత చక్కగా మందు కనుగొనలేదనుట న్యాయమే. వదులుగా పెట్టిన దూది రొదను ఏమంత ఆపజాలదు. అయినను చెవిని కాపాడవలెనను తలంపే లేని కాలమున అది ఒక మొదలు.

ఆ చెవిలోపల జరుగునదేమో రామజ్జీనికి తెలియుటకు వీలులేదు. సూక్ష్మదర్శిని వృద్ధినొందిన పిదపనే అది బయటపడినది. లోచెవిలో నత్తగుల్లవంటి యొక చిన్న యెముక గూడు కలదు. అందు సన్నని రోమములవంటి కొసలుగల కణములు రమారమి పదునైదువేలు వరుసలుగా నుండును. శబ్దము వచ్చినపుడు ఆ కొసలూగి మెదడునకు వార్త పంపును. తీవ్రమైన రొద చిరకాలము తగిలినచో గాలివానకు పైరు వ్రాలినట్లు అవి వ్రాలిపోవును. వ్రాలిన పైరైనను ఒకప్పుడు లేచును. మానవుని చెవిలో చచ్చిన ఈ కణములు మరల మొలవవు.

క్రొత్తగా పనిలో చేరినవాడు మొదటి దినములలో చెవులు గింగురుమనుచున్నవని చెప్పుకొనును. కొన్నియేండ్లకు ఆ మాట మానివేసి, తనకు రొద అలవాటైనదని గర్వముగా పలుకును. అది అలవాటు కాదు. వినికిడి పోవుచున్న గుర్తు. మొదట పోవునవి సన్నని, ఎత్తు స్వరములు. కావున స, ష, త, చ వంటి అక్షరములు చెవికి చిక్కవు. చాలు అన్నదియు, సాలు అన్నదియు ఒకటిగా తోచును. పెద్దల గొంతు వినబడుచునే యుండును గాని పసిపిల్లల ముద్దుమాటలు తెలియవు. మనుమరాలు ఒడిలో కూర్చుండి చెప్పు కబురు అర్థముగాక తాత ఊరకే తల యూపును. ఎదుటివారు గట్టిగా మాటాడుటలేదని విసుగుకొని, క్రమముగా అరుగులమీది ముచ్చట్లకు దూరమగును. గాయము కనబడదు, నెత్తురు కారదు. అందువలన లోకము దానిని దెబ్బగా ఎంచలేదు. రామజ్జీని దానిని దెబ్బగా ఎంచెను.

దూదికంటె మేలైన ఉపాయము రొదను పుట్టినచోటనే తగ్గించుట. పలకలు కోయు కొట్టమునే తీసికొనుడు. రంపపు చక్రము సమముగా తిరుగక ఊగినను, పండ్లు మొద్దుబారినను మోత హెచ్చును. కందెన లేని బేరింగు కీచుమనును. వదులైన బోల్టులు, రేకు కప్పులు యంత్రముతోపాటు తామును గొంతు కలుపును. వీనిని సరిచేయుటకు కావలసినది నూనెడబ్బా, మరలు బిగించు పనిముట్టు, కొంచెము శ్రద్ధ. మోటారు క్రింద దళసరి రబ్బరు పరచినచో దాని అదురు నేలకును, గోడలకును పాకదు. కోయు యంత్రమును గోడ చాటున ప్రత్యేకించినచో, ఉలితో రేకులు చీల్చువారికిని, చట్రములు బిగించువారికిని ఆ మోత వృథాగా తగులదు. ఆరుబయట దూరము రెట్టింపైనపుడు శబ్దము 6 డెసిబెల్లులు తగ్గును. రేకుల కప్పు, నున్నని గోడలు గల కొట్టములో ధ్వని తిరిగి తిరిగి కొట్టుటచే అంత తగ్గదు. గోడలకును కప్పునకును ధ్వనిని పీల్చుకొను మెత్తని పొరలు తొడిగించుట అందులకే. ఇవన్నియు చేసిన పిమ్మటను మిగిలిన రొదకు చెవిబిరడాలు, చెవికప్పులు. చెవికప్పులు కొని పంచి యంత్రమును అట్లే వదలుట తలక్రిందుల పద్ధతి. అయినను చవుకగా నుండుటచే పలువురు యజమానులు మొదట దానినే పట్టుకొందురు.

రామజ్జీని చరిత్రలో మిగిలిన భాగము కొంత విషాదకరమైనది. పాదువాకు వచ్చిన కొలది యేండ్లకే అతని కన్నులు మసకబారి, క్రమముగా చూపు పోయెను. గుండెదడయు, తలనొప్పియు బాధించుచుండెను. అయినను పాఠములు మానలేదు, గ్రంథరచన మానలేదు. 1711లో పాదువా ప్రాంతమున పశువులకు గొప్ప మారి సోకినపుడు దానిని గూర్చి ప్రసంగించి, ఆ రోగము అంటుకొను తీరును వివరించెను. కంచరుల చెవులను గూర్చిన అధ్యాయము ప్రకటించిననాటికి అతని కన్నులు అతనికి తోడు లేవు. ఆ తరువాతి సంవత్సరమున, 1714 నవంబరు 5వ తేదీన, ఎనుబదియొకటవ యేట పాదువాలో మరణించెను.

అతని గ్రంథము 1705లోనే ఆంగ్లమునకు అనువదింపబడి ఐరోపా యంతట వ్యాపించెను. గ్రంథము వ్యాపించినంత వేగముగా పనిశాలలు మారలేదు. ఆవిరియుగమున బాయిలరులు తయారుచేయు కార్ఖానాలు వెలసినవి. ఇనుప పీపాలోపల మనుష్యుడు కూర్చుండగా వెలుపలినుండి మేకులను సుత్తెలతో కొట్టుట ఆ పని. 1886లో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున థామస్ బార్ అను చెవివైద్యుడు నూర్గురు బాయిలరు పనివారిని పరీక్షింపగా వారిలో ఒక్కనికైనను వినికిడి సరిగా లేదని తేలెను. రామజ్జీని మరణించి అప్పటికి నూటడెబ్బదిరెండేండ్లు.

ఇరువదవ శతాబ్దమున శబ్దమును కొలుచు పరికరములు వచ్చి డెసిబెల్లుల లెక్క యేర్పడెను. ఆ లెక్కలో పది పెరిగినచో శబ్దశక్తి పదింతలగును. దినమునకు 8 గంటల పనికి 90 డెసిబెల్లులు హద్దుగా మన దేశపు నియమములు నిర్ణయించినవి. 95కు చేరినచో 4 గంటలే. 85 దాటినపుడే జాగ్రత్తపడవలెనని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధకులు చెప్పుదురు. 1982లో రామజ్జీని పేర వృత్తివ్యాధులను విచారించు పండితపరిషత్తు ఒకటి స్థాపితమై, అతని జన్మస్థలమైన కార్పీతో సంబంధము కలిగియున్నది. భారతదేశమున 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టపు పట్టికలో సిలికోసిస్‌తోపాటు రొదవలన కలుగు చెవుడును చోటు చేసికొన్నది. 2020లో ఆ చట్టమునకు మారుగా రచింపబడిన స్మృతిలోను ఈ రెండును కలవు. అట్టి రోగిని చూచిన వైద్యుడు ప్రభుత్వపు తనిఖీ అధికారికి వ్రాతమూలముగా తెలుపవలెను. ఆ పత్రములో రోగి పేరు, రోగము పేరు వ్రాసి, అతడు ఏ కార్ఖానాలో పనిచేసినది తప్పక వ్రాయవలెనని 1948 నాటి చట్టము విధించెను.